మండకముందే కాగే ఇంధనం

బెంగళూరులో మారతహళ్ళి వైపు పీజీల్లో ఉండే మన తెలుగు కుర్రాళ్లకు యుద్ధవిమానాల చప్పుడు కొత్త కాదు. హెచ్‌ఏఎల్ రన్‌వే మీంచి తేజస్ లేచిందంటే ఫోన్‌లో అవతలివాళ్ల మాట వినపడదు. ఏరో ఇండియా రోజుల్లో యలహంక సంగతి చెప్పక్కర్లేదు. చూసేవాళ్ల కళ్లన్నీ వెనక నుంచి చిమ్మే మంట మీదే ఉంటాయి. కానీ అక్కడ మండే లోపే ఆ ఇంధనం ఇంకో చాకిరీ చేసి వస్తుంది. విమానంలో పుట్టే వేడిని మోస్తుంది.

ఇంజిన్ ఆయిల్, హైడ్రాలిక్ ద్రవం, ఎలక్ట్రానిక్ పరికరాలు అన్నీ వేడెక్కుతాయి. వేగంగా పోయే విమానంలో బయటి గాలి కూడా వేడిగానే తగులుతుంది కాబట్టి దాన్ని నమ్ముకోలేరు. మిగిలింది ట్యాంకులోని ఇంధనమే. ప్రయాణికుల విమానాల్లో కూడా ఇంజిన్ ఆయిల్ తన వేడిని ఇంధనానికే ఇచ్చి చల్లబడుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఇంధనం జోరుగా పారుతుంది గనుక ఇబ్బంది తక్కువ. థ్రాటిల్ తగ్గించినప్పుడే చిక్కు. ప్రవాహం సన్నబడుతుంది, వేడి మాత్రం వెంటనే తగ్గదు.

విమాన ఇంధనం అంటే బాగా శుద్ధి చేసిన కిరోసినే. అది సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితే, అందులో కరిగి ఉన్న ఆక్సిజన్ పని మొదలుపెడుతుంది. కిలో ఇంధనంలో ఆ ఆక్సిజన్ దాదాపు 70 మిల్లీగ్రాములే, కానీ అది చాలు. హైడ్రోకార్బన్ అణువు నుంచి ఒక హైడ్రోజన్ ఊడితే, మిగిలిన ముక్క, అంటే దేనితోనైనా కలవడానికి ఆత్రపడే రాడికల్, ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సీ రాడికల్ అవుతుంది. అది పక్క అణువు నుంచి హైడ్రోజన్ లాక్కుంటుంది. ఇప్పుడు ఆ పక్క అణువుదీ అదే కథ. ఈ గొలుసు చివర్న పుట్టేది జిగురు. బజ్జీల మూకుడు అంచున పేరుకుని, ఎంత తోమినా వదలని గోధుమరంగు పొర ఉంటుంది కదా, దాదాపు అదే. ఇంధనాన్ని మంటలోకి చిమ్మే, వెంట్రుకంత సన్నని దారులుండే నాజిల్‌లో ఆ పొర కడితే ఇంధనం సరిగా చిమ్మదు, మంట తీరు మారిపోతుంది.

అందుకే జెట్ ఇంధనానికి ఓ పరీక్ష ఉంది. 260 డిగ్రీలకు వేడెక్కించిన గొట్టం మీదుగా దాన్ని రెండున్నర గంటలు పంపి, గొట్టం రంగెంత మారిందో, అవతలి ఫిల్టర్ ఎంత పూడిందో చూస్తారు.

పరీక్ష నెగ్గిన ఇంధనం కూడా అమెరికా వైమానిక దళానికి చాలలేదు. 1960ల్లో ధ్వనికి మూడు రెట్ల వేగంతో పోయే ఎస్‌ఆర్-71 నిఘా విమానం కోసం జేపీ-7 అనే ప్రత్యేక ఇంధనమే తయారుచేసుకున్నారు. అది ఎంత మొండిదంటే, అంటించడానికి ట్రైఇథైల్ బోరేన్ అనే ఇంకో రసాయనం కావాల్సి వచ్చేది. ఒక్క విమానం కోసమైతే సరే, దళం మొత్తానికి అంత ఖరీదైన సరుకు ఎక్కడ పోస్తారు? 1990ల్లో వచ్చిన ఉపాయం నాకు ఇంతకంటే తెలివైనదిగా కనిపిస్తుంది. దళం రోజూ వాడే మామూలు జెట్ ఇంధనం జేపీ-8లోనే వెయ్యి లీటర్లకు పావుకిలో పైచిలుకు మందు కలిపారు. ఇంధనం తట్టుకునే హద్దు 163 డిగ్రీల నుంచి 218కి పెరిగింది. ఆ తేడాను ఫారన్‌హీట్‌లో లెక్కేస్తే సరిగ్గా 100. అందుకే పేరు జేపీ-8+100.

ఆ మందులో ముఖ్యమైనవి మూడు. బీహెచ్‌టీ అనే యాంటీ ఆక్సిడెంట్ తన హైడ్రోజన్‌ను రాడికల్‌కు ఇచ్చేసి గొలుసు తెంపుతుంది. నూనెలు, చిరుతిళ్లు ముక్కిపోకుండా కలిపేదీ ఇదే. రెండోది లోహాల నోరు కట్టేది. ఇంధనంలో కోటి భాగాలకు ఒక భాగం రాగి కలిసినా చర్య ఊపందుకుంటుంది. ఈ అణువు రాగిని చుట్టూ పట్టుకుని కదలనివ్వదు. మూడోది డిటర్జెంట్-డిస్పర్సెంట్, అసలు బరువు మోసేది ఇదేనని నా అభిప్రాయం. జిగురు పుట్టకుండా పూర్తిగా ఆపడం కష్టం. పుట్టిన రేణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా, గోడకు అంటకుండా తేలుతూ పోతే చాలు, మంటలో కాలిపోతాయి.

అయితే గోడకు జిగురు అంటనివ్వని ఆ గుణమే నేల మీద తలనొప్పి తెచ్చింది. విమానాశ్రయాల్లో ఇంధనంలోని నీటిని తీసేందుకు కోయలెసర్ ఫిల్టర్లు ఉంటాయి. సన్నని నీటి బిందువులన్నీ వాటిలో కలిసి పెద్దవై కిందికి దిగుతాయి. డిస్పర్సెంట్ ఆ బిందువులను కలవనివ్వదు, ఫిల్టర్ పనితనం దెబ్బతింటుంది. ఇంధనం ఆ నీళ్లతోనే పైకి వెళ్తే అక్కడి చలికి అవి గడ్డకడతాయి, అదింకా ప్రమాదం. అందుకని మందును డిపోలో కాకుండా, వీలైనంతవరకు విమానంలో పోసే ఘట్టానికి దగ్గర్లో కలుపుతారు.

ఇంకో వింత. హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసిన ఇంధనం ఆక్సిజన్‌ను త్వరగా తినేస్తుంది, ఎందుకంటే సహజంగా అడ్డుకునే ఫినాల్స్, గంధక సమ్మేళనాలు శుద్ధిలో పోతాయి. అయినా అందులో జిగురు తక్కువే పుడుతుంది. అంతగా శుద్ధి చేయనిది మెల్లగా ఆక్సీకరణ చెందినా, పొర ఎక్కువ వదులుతుంది. వేగాన్ని ఆపడం, పొరను ఆపడం ఒకటి కాదు. ఒక్క యాంటీ ఆక్సిడెంట్‌తో పని కాకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

ధ్వనికి అయిదారు రెట్ల వేగంతో పోయే స్క్రామ్‌జెట్‌లో, అంటే ధ్వనిని మించిన వేగంతో లోపల పారే గాలిలోనే ఇంధనాన్ని మండించే ఇంజిన్‌లో, లెక్కే వేరు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు చెందిన డీఆర్‌డీఎల్ ప్రయోగశాల అలాంటి దహన గదిని ఇంధనంతోనే చల్లబరుస్తూ 1,000 సెకన్లకు పైగా నేల మీద నడిపింది. అక్కడ ఇంధనం విరిగిపోవడమే కావాలి, అణువులు విడిపోయేటప్పుడు అదనంగా వేడి పీల్చుకుంటాయి గనుక. సుమారు 480 డిగ్రీలు దాటిన ఆ లోకంలో కరిగిన ఆక్సిజన్ ముందే ఖర్చయిపోతుంది. గోడ మీద పేరుకునేది విరిగిన అణువుల నుంచి వచ్చే కోక్ అనే బొగ్గులాంటి పొర, దాని ముందు బీహెచ్‌టీకి చేసే పనేమీ ఉండదు.