ఇరవై రెండేళ్ల రక్తనాళాలు

1953లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక చిన్న వ్యాసం అచ్చయింది. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను కోసి పరీక్షించిన వైద్యులు రాసినది. ఆ సైనికుల సగటు వయసు 22. ఏరి కోరి ఎంపిక చేసిన, కవాతులతో రాటుదేలిన శరీరాలవి. వాళ్ల ప్రాణం తీసింది యుద్ధమే తప్ప గుండె జబ్బు కాదు. అయినా నూటికి 77 మంది కరోనరీ ధమనుల్లో, అంటే గుండె కండరానికే రక్తం అందించే నాళాల్లో, కంటికి కనిపించేంత జబ్బు ఆనవాళ్లు దొరికాయి. కొందరిలో లోపలి గోడ కాస్త మందమైంది, అంతే. కొందరిలో మాత్రం నాళం సగానికి పైగా పూడిపోయి ఉంది.

గుండెపోటు ‘వచ్చింది’ అంటాం. జ్వరం వచ్చినట్టు, జలుబు వచ్చినట్టు. ఆ మాట వింటే జబ్బు నిన్నటిదాకా ఎక్కడో బయట ఉండి ఇవాళ తలుపు తట్టిందనిపిస్తుంది. ఆ సైనికుల ధమనులు చెప్పేది వేరు. యాభై ఐదో ఏట ఆసుపత్రికి చేర్చే పూడిక చాలామందిలో ఓటు హక్కు రాకముందే మొదలవుతుంది. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో బోగలూసా అనే చిన్న పట్టణంలో 1973 నుంచి పిల్లల బరువు, రక్తపోటు, కొలెస్ట్రాల్ కొలుస్తూ వచ్చారు. వాళ్లలో ప్రమాదాల వంటి కారణాలతో చిన్న వయసులోనే చనిపోయినవారి రక్తనాళాలను తర్వాత పరీక్షించారు. బతికి ఉన్నప్పుడు రాసిపెట్టిన ఆ అంకెలు ఎవరిలో ఎక్కువగా ఉన్నాయో, వాళ్ల నాళాల్లోనే కొవ్వు మచ్చలు ఎక్కువగా కనిపించాయి. పసితనం దాటని వాళ్లలో సైతం.

ఇంతకీ ఆ గోడలో జరిగేదేమిటి? రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే ఎల్‌డీఎల్ రేణువు వెంట్రుక మందంలో కొన్ని వేల వంతుల్లో ఒకటి మాత్రమే ఉంటుంది. అది ధమని లోపలి పొరను దాటి గోడలోకి జారుతుంది. జారినవి చాలావరకు తిరిగి బయటపడతాయి. కొన్ని అక్కడి పీచు అణువులకు అంటుకుని ఉండిపోతాయి. వాటి రసాయన స్వరూపం మారుతుంది. శరీరం వాటిని చెత్తగా గుర్తించి, ఊడ్చేందుకు భక్షక కణాలను పంపుతుంది. అవి కొవ్వును మింగి మింగి ఉబ్బి, కదలలేక అక్కడే కూలబడతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే సబ్బు నురగ నింపినట్టు కనిపిస్తాయి కాబట్టి వాటికి నురగ కణాలని పేరు. ఆ కణాలు గుంపు కడితే పసుపు చార. దాని మీద కండర కణాలు, పీచు, సున్నం చేరితే పూడిక. ఇది నాళమంతటా సమానంగా రాదు. ధమని చీలి రెండు పాయలయ్యే చోట, రక్తం సాఫీగా పారక సుడులు తిరిగే చోట ముందు మొదలవుతుంది. కాలువ మలుపులో ఒండ్రు మేట వేసినట్టే, కాకపోతే ఇక్కడ మేట పడేది గట్టు లోపల.

మరి ముప్పై ఏళ్లపాటు మనకు తెలియదేం? దీనికి 1987లో షికాగోకు చెందిన వైద్య పరిశోధకుడు సేమోర్ గ్లాగోవ్ ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. గోడలో పూడిక పెరుగుతున్నకొద్దీ ధమని బయటి వైపుకు విస్తరిస్తుంది. రక్తం పారే దారి మాత్రం ఎప్పటి వెడల్పులోనే ఉంటుంది. పూడిక దాదాపు 40 శాతం చోటు ఆక్రమించేదాకా ఈ సర్దుబాటు నడుస్తుంది. అందుకే ఈ దశలో మెట్లెక్కితే ఆయాసం రాదు, ట్రెడ్‌మిల్ పరీక్షలో ఏ తేడా కనిపించదు, ఈసీజీ గీతలు చక్కగా ఉంటాయి. చాప కింద నీరంటే ఇదే. శరీరం చేసే ఉపకారమే మనల్ని ఏమారుస్తుంది. పైగా గుండెపోటుకు దారి పూర్తిగా మూసుకుపోవాల్సిన పనిలేదు. ఒక మోస్తరు పూడిక పైపొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టినా చాలు.

పొగతాగేవారి విషయంలో వైద్యులు ‘ప్యాక్-ఇయర్స్’ అని ఒక లెక్క వేస్తారు. రోజుకు ఎన్ని పెట్టెలు, ఎన్నేళ్లుగా అని గుణించడం. కొలెస్ట్రాల్‌కూ అలాంటి లెక్కే సరిపోతుందని నమ్మించిన ఆధారం జన్యువుల నుంచి వచ్చింది. పీసీఎస్‌కే9 అనే జన్యువు పాడైతే కాలేయం ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి మరింత చురుగ్గా తోడేస్తుంది. 2006లో డాలస్ పరిశోధకులు అలాంటి జన్యువుతో పుట్టిన నల్లజాతి అమెరికన్లను, మామూలు జన్యువున్నవారితో పోల్చి చూశారు. వారి ఎల్‌డీఎల్ 28 శాతం, అంటే డెసిలీటరుకు సుమారు 38 మిల్లీగ్రాములు తక్కువ. ఏమంత పెద్ద తేడా కాదు. కానీ కరోనరీ జబ్బు 88 శాతం తక్కువ! నడివయసులో స్టాటిన్ మాత్రలతో అదే 38 మిల్లీగ్రాములు తగ్గిస్తే, ఐదేళ్లలో గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు తగ్గేది ఐదో వంతు చిల్లర. జన్యువు పాడైనవారి సంఖ్య చిన్నదే కాబట్టి 88 అన్న అంకెను మరీ గట్టిగా పట్టుకోనక్కర్లేదు. తర్వాతి పరిశోధనలు మాత్రం అదే దిశలో తేల్చాయి. మాత్ర యాభయ్యో ఏట మొదలవుతుంది, జన్యువు పుట్టిన రోజు నుంచీ పనిచేస్తుంది. తేడా అంతా ఆ యాభై ఏళ్లదే.

రక్తపోటుదీ అదే తంతు, మరో దారిలో. గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళమైన బృహద్ధమని గోడలో ఎలాస్టిన్ అనే సాగే పదార్థం ఉంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా గోడ సాగి, మళ్లీ ముడుచుకుని రక్తాన్ని ముందుకు నెడుతుంది. రోజుకు లక్ష సార్లు. శరీరం ఈ ఎలాస్టిన్‌ను దాదాపు అంతా పుట్టకముందూ చిన్నతనంలోనూ తయారుచేసి పెడుతుంది. తర్వాత కొత్తది చేయడం నామమాత్రం. ఉన్న సరుకుతోనే జీవితమంతా నెట్టుకురావాలి. ఇరవైల్లోనే ఎక్కువగా ఉండే రక్తపోటు ఆ పోగులను ముందుగానే అలసిపోయేలా చేస్తుంది. బిరుసెక్కిన నాళం రక్తపోటును ఇంకా పెంచుతుంది.

ఇక్కడ డాక్టర్లు వాడే ముప్పు లెక్కల గురించి ఒక ఫిర్యాదు. రాబోయే పదేళ్లలో గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో చెప్పే ఆ సూత్రాల్లో పెద్ద బరువు వయసుదే. పాతికేళ్ల మనిషి పొగతాగినా, బీపీ ఎక్కువున్నా పదేళ్ల ముప్పు తక్కువనే తేలుతుంది. ‘తక్కువ ముప్పు’ అన్న మాట విన్నవాడు హాయిగా ఇంటికెళ్తాడు. అంకె తప్పు కాదు, అడిగిన ప్రశ్న తప్పు. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రకటించిన కొత్త లెక్క 30 ఏళ్ల వయసు నుంచి మొదలై, వచ్చే 30 ఏళ్ల ముప్పును కూడా చూపిస్తుంది. నయమే, కానీ ఇరవైల వాళ్లకు అదీ లేదు. ఆ వయసులో తెలుసుకోవాల్సినవి మరీ ఎక్కువేమీ కావు: రక్తపోటు, ఎల్‌డీఎల్, రక్తంలో చక్కెర, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా అన్న సంగతి. లైపోప్రోటీన్-ఎ అనే మరో కొవ్వు రేణువు ఉంది. దాని మోతాదు చాలామటుకు జన్యువులే నిర్ణయిస్తాయి కాబట్టి చాలామందికి జీవితంలో ఒక్కసారి కొలిస్తే సరిపోతుంది. పొగ సంగతి వేరే చెప్పాలా? బ్రిటిష్ డాక్టర్లను యాభై ఏళ్లు గమనించిన అధ్యయనంలో, ముప్పయ్యో ఏట మానేసినవారికి కొనసాగించినవారి కన్నా సుమారు పదేళ్ల ఆయుష్షు ఎక్కువ దక్కింది. అరవయ్యో ఏట మానేసినవారికి మూడేళ్లు.

ఆటస్థలంలో ఉన్నట్టుండి కుప్పకూలే యువకుల వార్తలు చదివినప్పుడు అందరూ ఇదే జబ్బనుకుంటారు. ముప్పై ఐదు దాటనివారిలో ఆ మరణాలకు చాలాసార్లు కారణం వేరు: పుట్టుకతో వచ్చే గుండె కండరం మందం, గుండెలోని విద్యుత్ ప్రసార లోపాలు, వైరస్ తెచ్చిన గుండె వాపు. అది మరో వ్యాసం.

ఇంతవరకు నాళాల కథ. కండరం కథ వేరు. గుండె కణాలు పుట్టినప్పుడు ఎన్నో చచ్చేదాకా అన్నేనని చాలాకాలం నమ్మారు. దాన్ని తేల్చడానికి స్వీడన్‌లోని కరోలిన్స్కా సంస్థ వాళ్లు అణుబాంబులను సాక్ష్యానికి పిలిచారు. 1963 దాకా ఆరుబయట జరిగిన అణు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ అమాంతం పెరిగి, తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడు గాలిలో ఎంత ఉందో దాని డీఎన్‌ఏలోనూ అంతే ముద్రపడుతుంది. ఆ ముద్ర చదివితే కణం పుట్టిన ఏడు తెలుస్తుంది. 2009లో వెల్లడైన ఫలితం ఇది: పాతికేళ్ల వయసులో గుండె కండర కణాలు ఏడాదికి ఒక శాతం కొత్తవి వస్తాయి, డెబ్బై ఐదేళ్లకు అది అర శాతం లోపుకు పడిపోతుంది. మామూలు ఆయుష్షు బతికినవారిలో సగానికి పైగా పుట్టినప్పటివే.

అంత పాత సరుకుతో పనిచేసే గుండె మాట వినదనుకుంటాం. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఉండనే ఉంది. ఆ సామెతకు ఎదురు నిలిచినవాళ్లు ఐదుగురున్నారు. 1966లో డాలస్‌లో ఇరవై ఏళ్ల వయసున్న ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టారు. లేచాక కొలిస్తే, గట్టి శ్రమలో శరీరం వాడుకోగల ఆక్సిజన్ పావు వంతుకు పైగా పడిపోయింది. తర్వాత రెండు నెలలకు దగ్గరగా సాధన చేయించి, మంచమెక్కక ముందటి కన్నా మెరుగైన స్థితికి తెచ్చి పంపేశారు.

ముప్పై ఏళ్ల తర్వాత, 1996లో, ఆ ఐదుగురినే మళ్లీ పిలిచారు. బరువు పెరిగారు, ఒంట్లో కొవ్వు రెట్టింపైంది. అయినా ఒక్కరు కూడా ఇరవయ్యో ఏట మంచం దిగిన రోజు కన్నా హీనంగా లేరు. నడక, మెల్లని పరుగు, సైకిలుతో మెల్లగా మొదలుపెట్టి ఆరు నెలలు సాధన చేయించారు. చివరికి వారానికి నాలుగున్నర గంటలయింది. యాభై ఏళ్ల ఆ మనుషుల ఆక్సిజన్ సామర్థ్యం వాళ్ల ఇరవై ఏళ్ల నాటి స్థాయికి తిరిగొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ లాభంలో ఎక్కువ భాగం గుండెది కాదు, రక్తంలోంచి ఆక్సిజన్ తీసుకునే కాళ్ల కండరాలది. గుండె గరిష్ఠంగా పంపగలిగే రక్తం ముప్పై ఏళ్లలో పెద్దగా తగ్గనే లేదు. నాళాల గోడల్లో పేరుకున్నదాన్ని ఈ సాధన కరిగించిందని కూడా ఎవరూ అనలేదు.

అరవయ్యో ఏట ఆ ఐదుగురూ మూడోసారి వచ్చారు. ఇరవైతో పోలిస్తే ఆక్సిజన్ సామర్థ్యం పావు వంతు చిల్లర తగ్గింది. నలభై ఏళ్ల వయసు తీసుకున్నది, 1966లో మూడు వారాల మంచం తీసుకున్నది దాదాపు సమానమని తేలింది.