పెద్ద ఊరి నాటకం, మన జేబు: బరంపురం నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో ఉన్న మా బరంపురంలో తెలుగు నాటకాలకు లైట్లు పెట్టేది నేనే. పగలు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు, రాత్రి రిహార్సళ్లు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఏడెనిమిది మందిని వెంటబెట్టుకుని కోల్‌కతా వెళ్లి నాటకాలు చూసి వస్తుంటాం. ఇందులో నాకు కమీషన్ ఏమీ లేదు. ఒక్కడినే వెళితే తిరుగు రైల్లో చూసిన దాని గురించి పోట్లాడుకోవడానికి మనిషి ఉండడు, అందుకే ఈ మంద. బయల్దేరే ముందు ప్రతిసారీ అవే సందేహాలు వస్తాయి. ఫోన్‌లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది, అందుకే రాసి పెడుతున్నాను.

అపోహ: పెద్ద సిటీలో షో అంటే వేలకు వేలు.

ఈ భయం ముంబై కబుర్ల వల్ల పట్టుకుంది. 2023లో బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో నీతా ముకేశ్ అంబానీ కల్చరల్ సెంటర్ తెరిచారు. అందులో గ్రాండ్ థియేటర్ ఒక్కటే 2,000 సీట్లది. విదేశాల నుంచి వచ్చే మ్యూజికల్స్ అక్కడ ఆడతాయి, మంచి సీటు కావాలంటే వేలు పెట్టాల్సిందే. పైగా మనకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో ఒకటిన్నర రోజు ప్రయాణం. కానీ అదే ముంబైలో, జుహూలో, 1978 నుంచి పృథ్వీ థియేటర్ నడుస్తోంది. దాదాపు 200 సీట్లు, ఏ సీటుకీ నంబరు ఉండదు. ముందు క్యూలో నిలబడ్డవాడే మహారాజు. నాటకం మొదలవుతుందని మూడో బెల్లు కొట్టాక మాత్రం ఎవరినీ లోపలికి రానివ్వరు.

కోల్‌కతా సంగతి ఇంకా సులువు. అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, రవీంద్ర సదన్, శిశిర్ మంచ్ అనే నాటకాల హాళ్లన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి నడిచి వెళ్లొచ్చు. అక్కడ మేం ఎక్కువగా కొన్నవి 100, 200, 300 రూపాయల టికెట్లే. మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ ఖర్చన్నమాట. అక్కడి గ్రూప్ థియేటర్ వాళ్లలో చాలామందికి పగలు వేరే ఉద్యోగాలుంటాయి, మనలాగే. నాటకం మీద బతకాలన్న లెక్క లేదు కాబట్టే టికెట్టు ఆ ధరకి వస్తోంది.

అపోహ: ముందు వరుసే బెస్టు, వెనక సీటు పేదవాడి సీటు.

ఇక్కడ మాత్రం నేను కొంచెం ఎక్కువ మాట్లాడతాను, నా పని ఇదే కాబట్టి. ముందు వరుసలో కూర్చుంటే స్టేజీ అంచు మీ గడ్డం దగ్గర ఉంటుంది. నటుడి చెప్పులు, ధోవతి అంచు, మేకప్ మీద చెమట బాగా కనిపిస్తాయి. కానీ నేల మీద పరిచిన లైటు కనిపించదు. ఒక మనిషి వెలుగులోంచి చీకట్లోకి రెండడుగులు వేశాడంటే దానికో అర్థం ఉంటుంది. ఆ గీత ఎక్కడుందో తెలియాలంటే కాస్త వెనక్కి, కాస్త ఎత్తుకి వెళ్లాలి. మాటల నాటకమైతే ఎనిమిది నుంచి పన్నెండో వరుస దాకా మధ్యలో తీసుకోండి. డాన్సో, గుంపు సీన్లున్న నాటకమో అయితే కళ్లు మూసుకుని బాల్కనీ మొదటి వరుస తీసుకోండి, అది చౌక కూడాను.

కొనకూడనివి రెండున్నాయి. ఒకటి, బాగా పక్కకి ఉన్న సీట్లు. సెట్టులో సగం కనబడదు, బదులుగా స్టేజీ పక్కన వింగ్స్‌లో నిలబడి డైలాగులు అందించే ప్రాంప్టరు కనిపిస్తాడు. రెండోది, కింద బాల్కనీ నీడలో చిట్టచివరి వరుసలు. అక్కడ మాట దుప్పటి కప్పుకుని వస్తుంది. టికెట్ కౌంటర్‌లో మొహమాటపడకుండా ‘పైన బాల్కనీ ఎక్కడిదాకా వస్తుంది’ అని అడగండి, చెబుతారు.

అసలు నాకు కోల్‌కతా పిచ్చి పట్టింది కూడా లైట్ల వల్లే. 1959లో మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ నాటకం ‘అంగార్’ ఆడినప్పుడు, బొగ్గు గనిలోకి నీళ్లు ముంచెత్తడాన్ని లైట్లు పెట్టే తాపస్ సేన్ ఆ లైట్లతోనే చూపించాడు. తెర మీద సినిమా వేయలేదు, కంప్యూటర్ల సాయం లేదు. మా గురువుగారు ఈ సంగతి చెప్పేటప్పుడు అరచేతిని మెల్లగా పీక దాకా ఎత్తేవారు, నీటి మట్టం లాగ. ఆ చెయ్యి నేనింకా మర్చిపోలేదు.

అపోహ: బెంగాలీ రాదు కదా, ఏం అర్థమవుతుంది?

ఈ ప్రశ్న రాజమండ్రి వాళ్లు అడిగితే న్యాయం. మనం అడగకూడదు. బజార్లో రోజంతా ఒడియా మాట్లాడే మనకి బెంగాలీ సగం ముందే వచ్చు. మన ‘భల’ అక్కడ ‘భాలో’, మన ‘కెమితి అఛ’ అక్కడ ‘కెమొన్ ఆఛో’. నోరు గుండ్రం చేసుకుని వింటే పావుగంటలో చెవి సర్దుకుంటుంది. ఒక్క చిట్కా: కథ ముందే నలుగురూ కూర్చుని చెప్పుకోండి. ‘సస్పెన్స్ పోతుంది మాస్టారూ’ అని ఒకాయన గొడవ పెట్టాడు. మన సత్య హరిశ్చంద్రలో కథ తెలియని వాడెవడు? అయినా కాటి సీను పద్యాలకి వన్స్ మోర్ కొట్టడం లేదా?

అపోహ: చివరి నిమిషంలో వెళితే టికెట్ సగం ధరకి దొరుకుతుంది.

ఇది న్యూయార్క్, లండన్లలో పిల్లలున్న తల్లిదండ్రులు చెప్పే మాట. అక్కడికి నిజమే. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి, లండన్ లెస్టర్ స్క్వేర్‌లో 1980 నుంచి, మిగిలిన టికెట్లు తగ్గింపు ధరకి అమ్మే టీకేటీఎస్ కౌంటర్లున్నాయి. లండన్ గ్లోబ్ థియేటర్‌లోనైతే ఆరుబయట నిలబడి చూసే టికెట్ కొన్ని పౌండ్లే. మీ అమ్మాయి దగ్గరికి వెళితే తప్పకుండా వాడుకోండి, కాళ్ల నొప్పులు లేకపోతే. కోల్‌కతాలో ఆ పద్ధతి నేను చూడలేదు. టికెట్టే 200 అయితే అందులో సగమేం తగ్గిస్తారు? పేరున్న నటుడు ఉంటే ముందే అయిపోతుంది, లేకపోతే సాయంత్రం కౌంటర్లో కూడా దొరుకుతుంది. ఆన్‌లైన్లో కొంటే పైన బుకింగ్ ఛార్జీ పడుతుందని గుర్తుంచుకోండి. బెంగాలీ దినపత్రిక ఆనందబజార్ పత్రికలో నాటకాల ప్రకటనలు వస్తాయి. అక్షరాలు రాకపోతే ఫోటో తీసి ఫోన్‌తో చదివించుకోండి.

అపోహ: టికెట్ చౌకైనా లాడ్జి ఖర్చు తినేస్తుంది.

లాడ్జి ఎందుకు? శనివారం రాత్రి బరంపురంలో కోరమాండల్ ఎక్కితే ఆదివారం పొద్దెక్కేసరికి చేరతాం. మధ్యాహ్నం ఒక నాటకం, సాయంత్రం ఆరున్నరకి ఇంకోటి. అర్ధరాత్రి దగ్గర్లో హౌరా నుంచి చెన్నై మెయిల్. సోమవారం ఉదయం ఇంటికొచ్చి స్నానం చేసి కొట్టు తీయొచ్చు. టైములు మారుతుంటాయి, చూసుకుని బుక్ చేసుకోండి.

ఒక మెలిక ఉంది. కోరమాండల్ కొన్నేళ్లుగా హౌరాకి పోవడం లేదు, షాలిమార్‌లో ఆగిపోతోంది. అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకుని ముందు హౌరా స్టేషన్‌కి రండి, సామాను అక్కడ క్లోక్ రూంలో పడేయండి. ఆ తర్వాత హుగ్లీ నది కింద నుంచి వెళ్లే మెట్రో, 2024లో మొదలైంది. ఎస్ప్లనేడ్‌లో లైను మారి మూడో స్టేషన్‌లో దిగితే రవీంద్ర సదన్. ఆదివారం మెట్రో టైములు వేరు, ముందే చూసుకోండి. కుదరకపోతే హౌరా ఘాట్ నుంచి ఫెర్రీ ఉంది, గాలి కూడా బాగుంటుంది.

క్లోక్ రూం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణముంది. ఒకసారి టైము లేదని ఎనిమిది సంచులతో నేరుగా హాలుకి వెళ్లాం. ఏ హాలో చెప్పను, తప్పు మాదే. గేటు దగ్గర మనిషి సంచుల్ని చూశాడు, మమ్మల్ని చూశాడు, తల అడ్డంగా ఊపాడు. బతిమాలాను. ఒక సంచి మూత ఎత్తి చూస్తే ఘుప్పున మాగాయ వాసన, ఎవరో చుట్టాలకని మా వదిన పెట్టిన జాడీ. ఆయన మొహం నేను వర్ణించలేను. మిగతా వాళ్లని లోపలికి పంపి, నాటకం సగం దాకా ఫుట్‌పాత్ మీద సంచుల మధ్య కూర్చున్నాను. లోపల చప్పట్లు వినిపిస్తున్నాయి, ఏ లైటు ఎప్పుడు మారిందో తెలియదు. ఇంటర్వెల్‌లో మా బావ వచ్చి కాపలా మార్చాడు.

క్లోక్ రూంలో తాళం లేని సంచి తీసుకోరు, ప్రయాణం టికెట్ కూడా చూపించాలి. చిన్న తాళాలు బరంపురంలోనే కొనుక్కుని బయల్దేరండి.

ఇక ‘అంత దూరం ఎందుకు, దగ్గర్లో ఏమీ లేవా’ అంటే, ఉన్నాయి. ఆంధ్రాలో పరిషత్తు నాటక పోటీలకి సాధారణంగా ప్రవేశం ఉచితమే, విశాఖ వైపు పడ్డప్పుడు పొద్దున రైలెక్కితే సాయంత్రం నాటకానికి అందుకోవచ్చు. 2018లో థియేటర్ ఒలింపిక్స్ అనే అంతర్జాతీయ నాటకోత్సవం దేశంలో 17 ఊళ్లలో జరిగితే అందులో భువనేశ్వర్ ఒకటి. మూడు గంటల దూరంలో ఉండి కూడా మనవాళ్లలో చాలామందికి తెలియలేదు.

పోయినసారి లెక్క అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. స్లీపర్ రానూ పోనూ 800 చుట్టుపక్కల, రెండు నాటకాలకి 400, సిటీలో తిరుగుళ్లు, టీలు, ఒక పూట భోజనం కలిపి ఇంకో 400. మిగతా పూటలకి ఇంటి పులిహోర, జంతికలు. మాగాయ మాత్రం ఎవరూ తేవద్దు.