ఎదిగే మొక్కకి వదులు చొక్కా

చిరంజీవులు చిట్టికీ, బాబికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిట్టి అడిగిన మాట ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "నర్సరీలో మొక్కలన్నీ మోకాలెత్తునే ఉన్నాయి తాతయ్యా, పెద్దయ్యాక కూడా పొట్టిగానే ఉండేది ఏదో ఎలా తెలుస్తుంది?" అని. మీ కొత్తింటి గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల చోటుందనీ, కిటికీ మూసుకుపోకుండా పూలమొక్కలు వేయాలనుకుంటున్నారనీ మీ నాన్న చెప్పాడు. సరైన వేళకే అడిగారు. మృగశిర కార్తె వచ్చింది, నాలుగు వానలు పడితే నేల మెత్తబడుతుంది.

మా చిన్నప్పుడు దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి మా నాన్నగారు ఒకటే మాట చెప్పేవారు: "ఎదిగే పిల్లాడు, వదులుగా కుట్టవయ్యా, లోపల మడత ఉంచు" అని. మొదటి ఏడు ఆ చొక్కా భుజాల మీంచి జారేది. రెండో ఏటికి ఒంటికి సరిపోయేది. ఆ తర్వాత మా అమ్మ వీధరుగు మీద కూర్చుని నిక్కరు మడత విప్పేది. విప్పిన చోట గుడ్డ ముదురు నీలంగా కొత్తగా ఉండేది, మిగతాదంతా ఉతికి ఉతికి వెలిసిపోయి ఉండేది. ఆ నీలం పట్టీ చూసి ఎవడెంత పెరిగాడో బడిలో అందరికీ తెలిసిపోయేది.

మొక్కకి చోటివ్వడమూ అంతేనర్రా. ఇవాళ్టి ఒళ్ళు కాదు, నాలుగేళ్ళ తర్వాతి ఒళ్ళు తలుచుకుని చొక్కా కుట్టాలి. మూడడుగుల వెడల్పు పెరిగే పొదకి గోడ నుంచి రెండడుగులు వదలండి. మొదటి ఏడు వదులుగా, బోసిగా కనిపిస్తుంది. కనిపించనీయండి. చొక్కా చాలలేదని పిల్లాడి చేతులు కత్తిరించం కదా! గోడ పక్కన పెద్ద జాతి మొక్కను ఇరికించి నెలనెలా కత్తెర వేయడం అలాంటిదే. పైగా నూరువరహాల పొద పూసేది కొమ్మ చివరే. చివర్లు కత్తిరిస్తూ పోతే మొగ్గలన్నీ కత్తెరకే పోతాయి, ఒట్టి ఆకుల గోడ మిగులుతుంది. అందుకే పుట్టుకతో పొట్టిగా ఉండే రకమే తెచ్చుకోవాలి.

ఆ రకాన్ని గుర్తుపట్టడానికి మా కడియం, కడియపులంక నర్సరీల్లో పనిచేసేవాళ్ళు కొమ్మ పట్టుకుని కణుపులు చూస్తారు. ఆకుల జంట పుట్టే ముడినే కణుపంటారు. నూరువరహాల్లో పొడుగు రకం కొమ్మ చూడండి, కణుపుకీ కణుపుకీ మధ్య బాబి వేళ్ళు రెండు హాయిగా పడతాయి. పొట్టి రకంలో ఒక వేలు పట్టడమే కష్టం. ఆకులు చిన్నవి, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. అది రెండు మూడడుగుల దగ్గర ఆగిపోతుంది. పొడుగుది మీ నాన్నని దాటిపోతుంది. ఒక్క జాగ్రత్త: నీడలో ఉంచిన మొక్క ఏ రకమైనా వెలుతురు కోసం సాగిపోయి ఉంటుంది. ఎండలో పెరిగినదాన్నే చూసి తేల్చుకోండి.

తూర్పు కిటికీ కింద ఆ పొట్టి నూరువరహాలు వేయండి. నందివర్ధనంలోనూ పొట్టి రకం ఉంది, అదీ బాగుంటుంది. ఎప్పుడైనా దాని ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే భయపడకండి. కొమ్మ కింద వెతికితే వేలంత లావున పచ్చటి పురుగొకటి దొరుకుతుంది. కదిలిస్తే తల లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు మెడ దగ్గర రెండు నీలం కళ్ళు మిమ్మల్నే చూస్తాయి. అవి కళ్ళు కావు, మచ్చలు! పిట్టలు చూసి జడుసుకోవాలని. దాన్ని చంపకండి, పెద్దయ్యాక పచ్చటి చిత్తరువుల్లాంటి రెక్కలతో ఎగిరిపోతుంది.

నానమ్మ మాత్రం బొండుమల్లె ఉండాల్సిందే అంటోంది. మల్లె కథ వేరు. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి ఏటా చలికాలంలో కొమ్మలు కత్తిరించాలి, అప్పుడే వేసవికి విరగబూస్తుంది. పారిజాతం అడక్కండి, అది చెట్టవుతుంది, పెరట్లో మూలకి పెట్టుకుందాం. గన్నేరు అసలొద్దు. పూవు, ఆకు, కొమ్మ అన్నీ విషమే, మీ ఇంట్లో చంటిపాప ఉంది.

గుంత తవ్వేటప్పుడు మీ నాన్నని దగ్గరుండమనండి. ఇల్లు కట్టినవాళ్ళు గోడ వారన సిమెంటు పెళ్ళలు, సున్నం, ఇటుక ముక్కలు పూడ్చేసి పోతారు. నూరువరహాలకి సున్నం పడదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అదే కారణమని తెలుసుకోండి. ఆ చెత్తంతా ఏరేసి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపండి. చూరు నీళ్ళు ధారగా పడే చోట కూడా పెట్టొద్దు.

ఒకే మట్టి, ఒకే నీళ్ళు. ఒకటి మోకాలి దగ్గర ఆగిపోతే దాని అన్న మీ నాన్నని దాటిపోతుంది. ఇక చాలని ఆ చిన్నదానికి ఎవరు చెప్పారో! దానికి చదువుకున్నవాళ్ళ సమాధానాలున్నాయి, పెద్ద క్లాసుల్లో మీరే చదువుకుంటారు. నాకు మాత్రం ఇన్నేళ్ళొచ్చినా పొట్టి నూరువరహాల ముందు ఆగి చూడకుండా పోబుద్ధి కాదు.

నర్సరీకి వెళ్ళే ముందు ఆదివారం పొద్దున్నే మీ కాలనీలో తిరగండి. పాత ఇళ్ళ ముందు, గుడి ఆవరణలో ఈ మొక్కలన్నీ ముదిరి ఉంటాయి. చిట్టి పక్కన నిలబడాలి, బాబి టేపుతో ఎత్తూ వెడల్పూ కొలవాలి. ఆ ఇంటివాళ్ళని అడిగి, ఎప్పుడు నాటారో కూడా రాసుకోండి. ఆ కాగితం నాకు పంపితే ఏవి తెచ్చుకోవాలో గుర్తుపెట్టి పంపుతాను.

మీ తాతయ్య