ఉపవాసం గురించి మా సంఘంలో విన్న అపోహలు, వాక్యంలో ఉన్న వాస్తవాలు

గుంటూరు జిల్లాలోని ఒక పల్లె సంఘంలో పాస్టర్‌గా సేవ చేస్తున్నాను. మా విశ్వాసుల్లో ఎక్కువమంది కూలి పనులకు వెళ్ళేవాళ్ళే. భస్మ బుధవారంతో మొదలై ఈస్టర్ దాకా నడిచే శ్రమ దినాలూ మిరపకోతలూ మాకు ఒకేసారి వస్తాయి. పొద్దున్నే తలకు గుడ్డ చుట్టుకుని ఆటో ఎక్కిన ఆడవాళ్ళు పొద్దుగూకాక ఇల్లు చేరి, ఘాటుకు మండుతున్న చేతులు కడుక్కుని గబగబా కూడికకు వస్తారు. ఉపవాసం గురించి వాళ్ళు నన్ను అడిగినవి, నేను మొదట్లో తప్పుగా చెప్పి తర్వాత దిద్దుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్ళు కూడా ముట్టకపోతేనే అసలైన ఉపవాసం

సేవలోకి వచ్చిన కొత్తలో ఈ మాట నేనే ప్రసంగంలో చెప్పాను. "గొంతు తడుపుకున్నాక అది ఇంకేం ఉపవాసం?" అని గట్టిగానే అన్నాను. ఆ వారమే ఒక సహోదరి మధ్యాహ్నం ఎండలో మిరప సాళ్ళ మధ్య కళ్ళు తిరిగి పడిపోయింది. నేను వెళ్ళేసరికి ఊళ్ళో డాక్టర్ గారి వరండాలో బల్ల మీద పడుకోబెట్టి సెలైన్ పెట్టారు. ఆమె గోళ్ళ సందుల్లో మిరపకాయ ఎరుపు ఇంకా పోలేదు. కళ్ళు తెరిచి నన్ను చూసింది. "అయ్యగారూ, ఈ నీళ్ళు ఎక్కించారు గదా, నా ఉపవాసం చెడిపోయినట్టేనా?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి, బైబిల్లో ఉపవాసం మాట ఎక్కడెక్కడ ఉందో మొదటి నుంచి వెతుక్కుంటూ కూర్చున్నాను.

వాస్తవం ఇది. నీళ్ళు కూడా లేని ఉపవాసాలు బైబిల్లో ఉన్నాయి, కానీ అవి వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. సీనాయి కొండమీద మోషే 40 రోజులు, ఎస్తేరు మాట మీద షూషనులోని యూదులు 3 రోజులు, నీనెవె పట్టణం, దమస్కు దారిలో చూపు పోయిన సౌలు (తర్వాత పౌలు) 3 రోజులు. ప్రాణం మీదికి వచ్చినప్పుడో, దేవుని ముఖాముఖి మహిమ ముందో జరిగినవి అవి. ప్రతి శుక్రవారం చేయమని ఎవరికీ చెప్పినవి కావు. యేసు ప్రభువు 40 రోజుల ఉపవాసం గురించి రాస్తూ మత్తయి ఆయన ఆకలిగొన్నాడని రాశాడు. దాహం సంగతి ఎత్తలేదు. దానియేలు 3 వారాలు ఉన్నది పూర్తి ఉపవాసం కూడా కాదు. రుచిగల భోజనం, మాంసం, ద్రాక్షారసం మానుకుని దుఃఖంతో గడిపాడు. సౌలు రాజు, అతని కొడుకు యోనాతాను చనిపోయారని విన్నరోజు దావీదూ అతని మనుషులూ సాయంకాలం దాకా ఉపవాసం ఉన్నారు. మామూలు ఇశ్రాయేలీయుల ఉపవాసం చాలావరకు ఇలా పొద్దుగూకే దాకా ఉండేదే. మన పెద్దవాళ్ళు ఒక్కపొద్దు అంటారు చూడండి, దానికి దగ్గరగా ఉంటుంది.

ఎండలో పని చేసేవాళ్ళు నీళ్ళు తాగాలి. మజ్జిగ తాగినా ఉపవాసం ఎక్కడికీ పోదు. ఇప్పుడు ఈ మాట కూడా పుల్పిట్ మీద నుంచే, అంతే గట్టిగా చెబుతున్నాను.

అపోహ: ఇన్ని రోజులు ఉపవాసం ఉంటే దేవుడు ఇచ్చి తీరాలి

జనవరి వస్తే 21 రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటాం. మంచిదే. కానీ మొదటి వారం దాటేసరికి లెక్కలు మొదలవుతాయి. "మూడు రోజులకు ఉద్యోగం, ఏడు రోజులకు పెళ్ళి, ఇరవై ఒక్క రోజులకు వీసా" అన్నట్టు మాట్లాడుకుంటారు. అనుకున్నది జరగకపోతే ఉపవాసంలో ఏదో లోపం జరిగిందని కుమిలిపోతారు. డీఎస్సీ రాసిన ఒక తమ్ముడు అలా కుమిలిపోయి ఆరు నెలలు మందిరం గడప తొక్కలేదు.

మన తెలుగువాళ్ళకు నిరాహార దీక్ష బాగా తెలుసు. 1952లో పొట్టి శ్రీరాములు గారు ఆమరణ దీక్షలో ప్రాణం విడిచాక, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ త్యాగం గొప్పది. అయితే అది వినిపించుకోని ప్రభుత్వం ముందు చేసిన దీక్ష. మన తండ్రి వినిపించుకోనివాడు కాడు. మనం అడగక మునుపే మనకు ఏం కావాలో ఆయనకు తెలుసని యేసు చెప్పాడు, అదీ ఉపవాసం గురించి మాట్లాడిన అదే అధ్యాయంలో.

ఉపవాసం ఉన్నా అడిగింది దొరకని మనిషిని చూడాలంటే రెండో సమూయేలు 12వ అధ్యాయం తీయండి. బిడ్డ బతకాలని దావీదు నేలమీద పడి ఉపవాసం ఉన్నాడు. ఏడో రోజు బిడ్డ చనిపోయాడు. చెప్పడానికి సేవకులు భయపడ్డారు. దావీదు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, దేవుని మందిరానికి వెళ్ళి మొక్కి, ఇంటికొచ్చి భోజనం చేశాడు. ఆ ఉపవాసం వ్యర్థమైందని నేను అనుకోను. ఆ ఏడు రోజులు దేవుని ముందు పడి ఉండబట్టే, అంత దుఃఖంలోనూ ఆయన మందిరానికి నడవగలిగాడని నా నమ్మకం.

దుర్మార్గులు కూడా ఉపవాసాలు ఉన్నారని మరచిపోవద్దు. నాబోతు ద్రాక్షతోట కాజేయడానికి యెజెబెలు రాణి మొదట చాటించింది ఉపవాసమే. పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని 40 మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. కడుపు మాడ్చుకున్నంత మాత్రాన అడిగేది న్యాయమైనది అయిపోదు.

అపోహ: ఉపవాసం లేకపోతే దయ్యాలు వదలవని యేసే చెప్పాడు

మార్కు సువార్త 9వ అధ్యాయం 29వ వచనంలో ఉన్న మాట ఇది. పాత చేతిరాత ప్రతుల్లో ముఖ్యమైనవాటిలో అక్కడ "ప్రార్థన" అని మాత్రమే ఉంది. "ఉపవాసం" అన్న మాట తర్వాతి ప్రతుల్లో చేరింది. అందుకే ఒక అనువాదంలో కనిపిస్తే ఇంకో దానిలో కనిపించదు. ప్రార్థనతో పాటు ఉపవాసం ఉండండి, తప్పు లేదు. ఈ వచనం పట్టుకుని జబ్బుపడ్డ మనిషికి అన్నం పెట్టకుండా మాత్రం ఉంచవద్దు. మానసిక సమస్య ఉన్న పిల్లల్ని అలా రోజుల తరబడి పస్తు పెట్టిన ఇళ్ళకు నేను వెళ్ళాను. అది ప్రార్థన కాదు.

అపోహ: విశ్వాసం ఉంటే ఉపవాసంలో మాత్రలు అక్కర్లేదు

షుగర్ మాత్రో ఇన్సులినో వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మనిషి స్పృహ తప్పవచ్చు. సరే తినడం లేదు కదా అని మాత్ర మానేస్తే కొందరికి షుగర్ విపరీతంగా పెరిగిపోతుంది. రెండూ ప్రమాదమే. టీబీ మందులు వాడేవాళ్ళు, ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళు ఒక్కపూట కూడా సొంతంగా మానకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు, నీరసంగా ఉన్న ముసలివాళ్ళు ఉపవాసం ఉండనక్కర్లేదు. మీ డాక్టర్ గారిని అడగండి, పాస్టర్‌ని కాదు.

ఇది ఈ కాలం వాళ్ళ మెత్తదనం అనుకునేవాళ్ళ కోసం ఒక సంగతి. ఉపవాసాన్ని చట్టంగా రాసుకున్న కథోలిక సంఘం కూడా 18 ఏళ్ళ నుంచి 59 ఏళ్ళ వాళ్ళనే ఉండమంటుంది. అదీ తప్పనిసరిగా ఏడాదికి రెండు రోజులు, బూడిద బుధవారం, గుడ్ ఫ్రైడే. ఆ రోజుల్లో ఒక పూర్తి భోజనం చేయవచ్చు, మరో రెండుసార్లు కొద్దిగా తినవచ్చు. రోగులకు మినహాయింపు ఉంది.

చాలా రోజులు ఏమీ తినకుండా ఉన్నవాళ్ళు ముగించేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ముగింపు రోజున బిర్యానీ వండి కూర్చోబెట్టే అలవాటు మంచిది కాదు. ఎక్కువ రోజులు ఖాళీగా ఉన్న ఒంట్లోకి ఒక్కసారిగా అన్నం పోతే రక్తంలో లవణాల లెక్క తప్పి గుండె మీదికి రావచ్చు. అలాంటి ఉపవాసం అసలు డాక్టర్ పర్యవేక్షణ లేకుండా మొదలుపెట్టవద్దు. ఒకటి రెండు పూటల ఉపవాసమైతే పల్చటి జావతోనో మజ్జిగ అన్నంతోనో విడవండి, చాలు.

అపోహ: శ్రమ దినాల ఉపవాసం బైబిల్లో లేదు కాబట్టి తప్పు / సంఘం ఆచరిస్తోంది కాబట్టి తప్పనిసరి

రెండు వైపుల వాళ్ళూ నా దగ్గరికి వస్తారు. 40 రోజుల లెక్క బైబిల్లో ఆజ్ఞగా లేదు, నిజమే. కానీ ఇది నిన్నగాక మొన్న పుట్టింది కూడా కాదు. క్రీ.శ. 325లో బిషప్పులు కూడిన నీకయ సభ చేసిన నియమాల్లోనే ఈ 40 రోజుల మాట ఉంది. ఆదివారాలు పునరుత్థాన దినాలు కాబట్టి లెక్కలో వేయరు. అందుకే క్యాలెండర్‌లో చూస్తే 46 రోజులు వస్తాయి.

1522లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఈ శ్రమ దినాల్లోనే ఒక ముద్రాపకుడి ఇంట్లో సాసేజ్‌లు తిన్నారని పెద్ద గొడవైంది. చేతినిండా పని, నా పనివాళ్ళు గంజితో ఎలా నెగ్గుకొస్తారని ఆయన సమర్థించుకున్నాడు. ఆ సంఘ బోధకుడు జ్వింగ్లీ వాళ్ళ పక్షాన ప్రసంగించి, తినడం మానడం విశ్వాసి స్వేచ్ఛ అన్నాడు. మిరపకోతల ఊళ్ళో సేవ చేసేవాడిగా ఆ ముద్రాపకుడి మాట నాకు బాగా అర్థమవుతుంది. అలాగని సంస్కరణ (ప్రొటెస్టెంట్) సంఘాలు ఉపవాసాన్ని పారేయలేదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడింటి దాకా ఉండేవాడు. ఈ రెండు రోజుల ఉపవాసం ఇంకా చాలా పాతది. అపొస్తలుల తర్వాతి తరాల కాలపు బోధ పుస్తకం దిదాఖే, సోమ, గురువారాలు కాకుండా బుధ, శుక్రవారాల్లో ఉండమని చెప్పింది. మనం శుక్రవారం ఉపవాస ప్రార్థనకు కూర్చున్నప్పుడు అంత పాత వరసలో కూర్చున్నట్టే.

అపోహ: నీచు మానేస్తే చాలు, ఉపవాసం అయినట్టే

నేను ఎక్కువగా మాట్లాడాలనుకున్నది దీని గురించే.

నలభై రోజులు చికెన్, చేపలు మానేస్తాం. మానిన డబ్బు ఎక్కడికి పోయింది? ఈస్టర్ రోజు రెండు కిలోలు ఎక్కువ తెచ్చుకుంటే అది ఉపవాసం కాదు, పొదుపు. యెషయా 58వ అధ్యాయంలో జనం దేవుణ్ణి అడుగుతారు, మేం ఉపవాసం ఉంటే నువ్వెందుకు చూడవు అని. దానికి దేవుడు చెప్పిన మొదటి జవాబు పనివాళ్ళ గురించి. ఉపవాస దినానే మీ వ్యాపారం చూసుకుంటున్నారు, మీ పనివాళ్ళచేత కఠినంగా పని చేయించుకుంటున్నారు అన్నాడు. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడం, దిక్కులేనివాణ్ణి ఇంట చేర్చుకోవడం, కట్లు విప్పడం, ఇవే తనకు కావలసిన ఉపవాసమన్నాడు. మా మందిరంలో చాప మీద కూలీలూ కూర్చుంటారు, కుర్చీల్లో వాళ్ళను పనికి పిలిచే రైతులూ కూర్చుంటారు. ఈ అధ్యాయం చదివిన రోజు కొంచెంసేపు ఎవరూ దగ్గలేదు కూడా. ఆ వారం ఒక రైతు నెల క్రితం బాకీ పడ్డ కోత కూలి లెక్క కట్టి ఇచ్చేశాడు.

తొలి శతాబ్దాల విశ్వాసులకు ఇది అరటిపండు వలిచినట్టు తెలుసు. రెండో శతాబ్దంలో రోములో రాసిన "హెర్మస్ కాపరి"లో ఒక పద్ధతి ఉంది: ఉపవాసం రోజున రొట్టె, నీళ్ళు మాత్రమే తీసుకో, ఆ రోజు తినబోయిన భోజనం ఖర్చు లెక్కకట్టు, ఆ మొత్తం విధవరాలికో అనాథకో లేనివాడికో ఇవ్వు. అదే శతాబ్దంలో ఏథెన్సువాడైన అరిస్తీదు రోమా చక్రవర్తికి క్రైస్తవుల గురించి విన్నవిస్తూ రాశాడు: వీళ్ళలో ఒకడు పేదవాడైతే, పెట్టడానికి తమ దగ్గర మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు తామే ఉపవాసం ఉండి అతనికి కావలసిన తిండి సమకూరుస్తారు.

మా వాళ్ళకు పస్తు తెలుసు. పనిలేని రోజు వచ్చేది పస్తు. దానికి ఉపవాసం అని పేరు పెట్టడానికి నేను ఒప్పుకోను. లేక మాడితే పస్తు, ఉన్నది ఇంకొకరికి పెట్టి దేవుని దగ్గర కూర్చుంటే ఉపవాసం. అందుకని మందిరం తలుపు పక్కన మూతున్న స్టీలు డబ్బా పెట్టాం. శుక్రవారం ఆ పూట వండని బియ్యం, గిద్దెడో సోలెడో, కొంగులో పోసుకొచ్చి అందులో పోస్తారు. ఎవరు ఎంత పోశారో ఎవరూ చూడరు. ఆదివారం ఇద్దరు పెద్దలు దాన్ని సంచుల్లో పోసి, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్తారు. వాళ్ళు మన సంఘమా కాదా అని అడగరు.

అపోహ: ఉపవాసం సంగతి ఎవరికైనా తెలిస్తే ఫలం పోతుంది

యేసు కాదన్నది చూపించుకోవడాన్ని. తలకు నూనె రాసుకో, ముఖం కడుక్కో అన్నాడు. ఇంట్లో భార్యకు, పనిచోట మేస్త్రీకి చెప్పి ఉంచడం చూపించుకోవడం కాదు, కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి ఒకరుండాలి కదా. యోవేలు ప్రవక్త జనమంతా కూడి ఉపవాసం ఉండాలని పిలిచాడు, అంతియొకయ సంఘం కలిసి ఉపవాసం ఉండే పౌలునూ బర్నబానూ పంపింది. వాట్సాప్ స్టేటస్‌లో "ఉపవాసం 17వ రోజు" అని పెట్టుకోవడం మాత్రం మానేయమని మా యూత్‌కు చెబుతూనే ఉన్నాను.

ఆ రోజు సెలైన్ కింద పడుకున్న సహోదరికి ఇప్పుడు షుగర్ ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థన మానదు. పొద్దున రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకుని, పది గంటలకల్లా అందరికంటే ముందు వచ్చి చాపలు పరుస్తుంది. ప్రార్థనకు కూర్చునే ముందు కొంగు ముడి విప్పి డబ్బా మూత తీస్తుంది.