దాంపత్యంలో అధికారం: సగమే గుర్తుంచుకున్న వాక్యం

క్రైస్తవ దాంపత్యంలో అధికారం ఎవరిదన్న చర్చ రాగానే అందరూ బైబిల్లో అపొస్తలుడు పౌలు పేరు మీదున్న ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం తెరుస్తారు. భర్త భార్యకు శిరస్సు అని అక్కడ ఉంది. అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయం మాత్రం అంతగా వినిపించదు. భార్య దేహం మీద అధికారం భర్తదని చెప్పి ఆయన అక్కడితో ఆగలేదు. భర్త దేహం మీద అధికారం భార్యదని కూడా వెంటనే అన్నాడు. ఇంటి పెద్ద మాటకు తిరుగులేని రోమా లోకంలో ఈ రెండో మాట అనడం చిన్న విషయం కాదు.

మధ్యయుగపు చర్చి చట్టం దీన్ని దాంపత్య రుణంగా, అంటే ఒకరు పడకకు పిలిస్తే రెండోవారు తీర్చాల్సిన బాకీగా, మార్చింది. ఇంటి వ్యవహారాల్లో భర్తదే పైచేయి అయినా, పడక విషయంలో ఇద్దరూ సమానమే. ఒకరు ఒప్పుకోకుండా రెండోవారు బ్రహ్మచర్యం మొక్కుకోకూడదు. అయితే భార్య సమ్మతి లేకపోయినా భర్త క్రూసేడు అనే మతయుద్ధానికి వెళ్తానని మొక్కుకోవచ్చని 1201లో మూడో ఇన్నోసెంట్ పోప్ మినహాయింపు ఇచ్చేశాడు.

రుణం అన్నాక వద్దనే హక్కు ఉండదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఇంగ్లండ్‌లో మార్జరీ కెంప్ అనే 14 మంది పిల్లల తల్లి ఇక దేవుడికే అంకితం కావాలనుకుంది. భర్త ఒప్పుకోలేదు. 1413 జూన్‌లో ఒక శుక్రవారం, యార్క్ నుంచి వచ్చే దారిలో ఇద్దరికీ బేరం కుదిరింది. అతను ఇక పడకకు రమ్మనడు. బదులుగా ఆమె అతని అప్పులు తీర్చాలి, శుక్రవారం ఉపవాసం మాని అతనితో కలిసి తినాలి. తన దేహాన్ని తాను డబ్బిచ్చి విడిపించుకున్నట్టే కదా!

తర్వాత ఇంగ్లండ్ చట్టం ఆ సమానత్వాన్నీ వదిలేసింది. ఇంగ్లండ్ చర్చి 1549 ప్రార్థన పుస్తకంలో విధేయత ప్రమాణం వధువు ఒక్కతే చేయాలి. పెళ్లితో భార్య పడకకు ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోలేదని న్యాయమూర్తి మాథ్యూ హేల్ రాసిన మాట ఆయన పోయాక 1736లో అచ్చయింది. అది 1991 దాకా కోర్టుల్లో బతికింది.

అమెరికాలో ఎవాంజెలికల్ క్రైస్తవులు 1987లో రాసిన డాన్వర్స్ ప్రకటన, భర్త శిరస్సుగా ఉండటం ఆదాము హవ్వల పాపానికి ముందే సృష్టిలో ఉందని చెప్పింది. అయితే భర్త పెత్తనం చెలాయించడం పాపఫలితమేనని కూడా అంది. 1988లో రెండో జాన్ పాల్ పోప్ మాత్రం లోబడటం భార్యాభర్తలు ఒకరికొకరు చేయాల్సిందని స్పష్టంగా రాశారు. ఈ వాదం రెండు వైపులా ఎక్కువగా శిరస్సు చుట్టూనే సాగుతోంది. దంపతులు కొంతకాలం ఎడంగా ఉండాలన్నా కావాలని కొరింథీ పత్రికలో పౌలు పెట్టిన "ఉభయుల సమ్మతి" అన్న షరతు మీద కూడా అంతే పట్టుదలతో వాదించాలి.