పెట్రోల్ ధర ఎవరి చేతిలో ఉంది? కొన్ని అపోహలు - వాస్తవాలు

బంకులకు సరుకు పంపే డిపోల లెక్కలు చూస్తూ చాలా ఏళ్లు గడిపినందువల్ల, ధర పెరిగిన ప్రతిసారీ తెలిసినవారందరూ నన్నే నిలదీస్తుంటారు. వారి కోపంలో న్యాయం లేదని అనను. అయితే ఆ కోపం చాలాసార్లు గురి తప్పుతుంది.

అపోహ: పాత ధరకు కొన్న సరుకు ట్యాంకులో ఉండగానే ధర పెంచడం బంకు యజమాని చేసే మోసం.

ట్యాంకులో ఉన్న పెట్రోల్‌ను ఎంతకు కొన్నారన్నది కాదు, అది అయిపోయాక వచ్చే ట్యాంకరుకు ఎంత కట్టాలన్నదే ఈ వ్యాపారంలో ధరను నడిపిస్తుంది. లీటరు 90 చొప్పున కొన్న 10,000 లీటర్లను ఒక యజమాని 93 చొప్పున అమ్ముతున్నాడనుకుందాం. కరెన్సీ ఏదైనా లెక్క మారదు. రేపటి నుంచి లీటరు 97 అని రాత్రి డిపో నుంచి కబురు వస్తుంది. ఉన్నదంతా 93కే అమ్మితే చేతికి వచ్చేది 9,30,000, మళ్లీ అంతే సరుకు దించుకోవడానికి కావలసింది 9,70,000. పుస్తకంలో లాభం కనిపిస్తున్నా, ట్యాంకరు వచ్చి నిలబడేసరికి 40,000 తక్కువ పడతాయి. అందుకే ధరల బోర్డు ఆ రాత్రే మారుతుంది. ధరను ప్రభుత్వమో కంపెనీయో నిర్ణయించే చోట యజమానికి ఆపాటి స్వేచ్ఛ కూడా ఉండదు.

అయితే ఇదే తర్కం తగ్గేటప్పుడు కూడా వర్తించాలి కదా అని అడిగేవారికి మా రంగం దగ్గర సూటైన జవాబు లేదు. ధరలు రాకెట్లలా ఎగిరి ఈకల్లా దిగుతాయని ఆర్థికవేత్తలు చెప్పేది చాలా మార్కెట్లలో గమనించిన విషయమే. దీనికి ఒక ముఖ్య కారణం కొనేవారి అలవాటులోనే ఉందని నా అభిప్రాయం. ధర పెరుగుతున్నప్పుడు నాలుగు బంకులు తిరిగి చూసే మనిషి, అది కాస్త దిగగానే ఊపిరి పీల్చుకుని దారిలో కనిపించిన మొదటి బంకులోకే బండి తిప్పుతాడు. ఎవరూ పోల్చి చూడనప్పుడు తగ్గించాలన్న తొందర అమ్మేవారికి ఉండదు. కాబట్టి బంకు బంకుకూ ధర మారే చోట, ధరలు పోల్చి చూడటానికి అసలైన సమయం అవి దిగుతున్నప్పుడే.

అపోహ: ముడి చమురు ఎంత శాతం తగ్గితే పెట్రోల్ కూడా అంతే శాతం తగ్గాలి.

లీటరు ధరలో ముడి చమురు ఒక భాగం మాత్రమే. శుద్ధి ఖర్చు, రవాణా, నిల్వ, అమ్మకందారుల వాటా, అన్నిటినీ మించి పన్నులు మిగతా భాగం. చమురును ప్రపంచ మార్కెట్లో డాలర్లలో కొంటారు కనుక, దిగుమతి చేసుకునే దేశపు కరెన్సీ విలువ పడిపోతే బ్యారెల్ ధర కదలకపోయినా లీటరు ధర పెరుగుతుంది. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో మే నెల సరఫరాకు సంబంధించిన ముడి చమురు కాంట్రాక్టు బ్యారెల్‌కు సున్నా కంటే 37.63 డాలర్లు కిందికి పడి ముగిసింది. చమురును దించుకోవలసిన ఓక్లహోమాలోని కుషింగ్‌లో నిల్వకు చోటు దొరకక, కొన్నవారే ఎదురు డబ్బిచ్చి వదిలించుకున్నారు. ఆ రోజున కూడా ఏ బంకులోనూ పెట్రోల్ ఉచితంగా పోయలేదు.

దీనికి తిరగేసిన ఉదాహరణ 2005 ఆగస్టు చివర వచ్చిన కత్రినా తుఫాను. మెక్సికో గల్ఫ్ తీరంలోని శుద్ధి కర్మాగారాలు, పైపులైన్లు ఆగిపోవడంతో ముడి చమురు కంటే పెట్రోల్ ధరే వేగంగా ఎగసింది. శుద్ధి చేసే చోటు లేనప్పుడు బ్యారెళ్లు ఎన్ని ఉన్నా బండి నడవదు.

అపోహ: అందరం కలిసి ఒక్కరోజు పెట్రోల్ కొనకపోతే ధర దిగివస్తుంది.

ఇలాంటి పిలుపు వచ్చినప్పుడు జరిగేది చాలా సాదాసీదా విషయం. మంగళవారం కొననివారు సోమవారమో బుధవారమో కొంటారు, ప్రయాణాలు మాత్రం మానరు. రోజువారీ అమ్మకాల పట్టికలో ఒక గుంట, దాని పక్కనే ఒక మిట్ట కనిపిస్తాయి. వారం మొత్తానికి పంపవలసిన ట్యాంకర్లు అన్నే ఉంటాయి. ఒకే కంపెనీని బహిష్కరించినా ఫలితం అంతంతమాత్రమే, ఎందుకంటే కంపెనీలు ఒకరి డిపో నుంచి మరొకరు సరుకు తీసుకోవడం ఈ రంగంలో మామూలే. పక్క బంకుకు గిరాకీ పెరిగితే, మిగిలిపోయిన సరుకు అక్కడికే చేరుతుంది. దెబ్బ తగిలేది ఆ బోర్డు కింద బంకు నడుపుకుంటున్న చిన్న యజమానికి.

ధరను నిజంగా కదిలించేది మనం కాల్చే మొత్తం. ధర పెరిగినంత మాత్రాన జనం వెంటనే ప్రయాణాలు తగ్గించుకోలేరు కనుక, సరఫరాలో చిన్న కొరత వచ్చినా ధర ఎంతో పైకి పోతుంది. అదే కారణం వల్ల వాడకం కొద్ది శాతం తగ్గి అలాగే నిలిచినా ధర పెద్దగానే పడుతుంది. 2008 జులైలో బ్యారెల్‌కు 147 డాలర్లు దాటిన ముడి చమురు, ఆర్థిక సంక్షోభంతో వాడకం కుంగేసరికి అదే ఏడాది డిసెంబరులో 40 డాలర్ల కిందికి వచ్చింది. ఏ బహిష్కరణా ఇంత పని చేయలేదు. ఆ పతనం మాత్రం ఉద్యోగాలు పోయిన కాలంలో వచ్చింది. దాన్ని ఎవరూ కోరుకోరు.

అపోహ: తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పోయించుకుంటే లీటరుకు ఎక్కువ వస్తుంది.

పెట్రోల్ వేడికి వ్యాకోచించే మాట నిజమే. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.1 శాతం. అందుకే చాలా దేశాల్లో టోకు లెక్కలను 15 డిగ్రీల దగ్గరికి సరిచేసి రాసుకుంటారు. కాని బంకు ట్యాంకు భూమిలో ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం అక్కడ ఉష్ణోగ్రత చూస్తే తేడా అంతగా కనిపించదు. ఒక డిగ్రీ తేడా వచ్చిందనుకున్నా, 40 లీటర్లకు దక్కేది 40 మిల్లీలీటర్లు.

అపోహ: ఖరీదైన అధిక ఆక్టేన్ పెట్రోల్ పోస్తే ఏ బండికైనా మైలేజీ పెరుగుతుంది.

ఆక్టేన్ అన్నది ఇంజిన్‌లో పెట్రోల్ అకాలంగా మండకుండా తట్టుకునే గుణానికి కొలత, శక్తికి కాదు. బండి తయారీదారు అడగని చోట దానికి అదనంగా పెట్టే డబ్బు వృథా.

అపోహ: ఎంత దూరమైనా సరే, చౌక బంకుకు వెళ్లడమే లాభం.

లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారులో రానూపోనూ 6 కిలోమీటర్లు అదనంగా తిరిగితే 0.4 లీటరు కాలుతుంది. పోయించుకునేది 30 లీటర్లయితే, అక్కడి ధర కనీసం 1.3 శాతం తక్కువ ఉంటేనే చెల్లుకు చెల్లు. అంతకంటే తేలికగా మిగిలేది వేగం దగ్గర. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు వెళ్లిన బండి గాలితో ఒకటిన్నర రెట్లకు పైగా పెనుగులాడుతుంది. టైర్లలో గాలి తగ్గితే ఆ నష్టం వేరే. దాన్ని చూసుకోవలసింది దూరం తిరిగి వచ్చి టైర్లు వేడెక్కాక కాదు, బండి ఇంకా కదలకముందే.