ఒక పూట మాత్ర మర్చిపోతే?

“రాత్రి వేసుకోవాల్సిన మాత్ర మర్చిపోయాను. పొద్దున్నే రెండూ కలిపి వేసుకోవచ్చా?” అని ఒక పాఠకురాలు అడిగారు. ఏ మాత్రో మాత్రం చెప్పలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

దీర్ఘకాలిక జబ్బులకు మందులు సరిగ్గా వాడేవాళ్ళు సంపన్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. అలారం పెట్టుకోవడం, రోజుకో గది ఉన్న మాత్రల డబ్బా, పళ్ళు తోముకునే వేళకు ముడిపెట్టడం, ఇవన్నీ తెలిసినవే, పనికొచ్చేవే. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. ఒక పూట మర్చిపోతే జరిగే నష్టం అన్ని మందులకూ ఒకేలా ఉండదు.

ఒంటిని చిల్లికుండ అనుకోండి. మాత్ర వేసుకోవడమంటే చెంబుడు నీళ్ళు పోయడం. కాలేయం, మూత్రపిండాలు ఆ చిల్లి. మట్టం పెరిగేకొద్దీ నీళ్ళు జోరుగా కారతాయి, తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. అందుకే రోజూ పోస్తున్నా కుండ పొంగదు. పోసేదీ కారేదీ సమానమైన చోట మట్టం నిలబడుతుంది. రక్తంలో మందు సగానికి తగ్గే కాలాన్ని హాఫ్ లైఫ్ అంటారు. ఒక హాఫ్ లైఫ్ గడిస్తే మట్టం తన చివరి ఎత్తులో 50 శాతానికి చేరుతుంది. ఆ తర్వాత ఒక్కో హాఫ్ లైఫ్‌కూ 75, 87.5, 93.75, 96.9 శాతానికి. మానేసినా ఇదే లెక్కన దిగుతుంది. బడిలో దీన్ని రేడియోధార్మికత పాఠంతోనే ముగించేస్తారు. మందుల డబ్బా ముందు పెట్టి చెబితే ఎవరూ మర్చిపోరు!

థైరాయిడ్ మాత్ర లెవోథైరాక్సిన్ హాఫ్ లైఫ్ దాదాపు 7 రోజులు. చిల్లి సూదిమొనంత. ఒక రోజు వదిలేస్తే తగ్గేది సుమారు 10 శాతమే. డోసు మార్చాక పరీక్షకు ఆరు వారాలు ఆగమనేదీ ఇందుకే. బీపీకి, గుండెకు వాడే అటెనొలాల్ సంగతి వేరు. దాని హాఫ్ లైఫ్ 6, 7 గంటలే. రోజుకొక మాత్ర వేసుకునే మనిషి ఒకటి తప్పిస్తే 48 గంటల గ్యాప్ వస్తుంది. అప్పటికి ముందటి డోసులో నూరో వంతు కూడా మిగలదు. పైగా గుండెను ఉరకలెత్తించే అడ్రినలిన్ అనే హార్మోనుకు ఆ మందు అడ్డుపడినన్నాళ్ళూ గుండె కణాల మీద దాన్ని అందుకునే రిసెప్టర్లు పెరిగి ఉంటాయి. అడ్డు హఠాత్తుగా తొలగితే అడ్రినలిన్ దెబ్బ మునుపటికన్నా గట్టిగా తగులుతుంది. “ఒంటికి కాస్త రెస్ట్ ఇద్దాం” అని ఇలాంటి మాత్రలు సొంతంగా ఆపేసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్.

ఈ లెక్కకు లొంగనిది ఆస్పిరిన్. దాని హాఫ్ లైఫ్ 20 నిమిషాలే. కానీ రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలోని ఒక ఎంజైమును అది శాశ్వతంగా చెడగొట్టి పోతుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైము తయారు చేసుకోలేదు. అది బతికే వారం, పది రోజులూ అంతే. మందు ఎప్పుడో వెళ్ళిపోయినా పని మిగిలే ఉంటుంది.

ఇక ఆ పాఠకురాలికి జవాబు: మామూలుగా రెండూ కలపకూడదు. గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, తర్వాతి వేళ దగ్గరపడితే తప్పిపోయినదాన్ని వదిలేయాలి. ఫిట్స్ మందులకు, గర్భనిరోధక మాత్రలకు, రక్తం పలచబరిచే మందులకు వేరే నియమాలుంటాయి. మందు రాసిన రోజే “ఇది తప్పితే ఏం చేయాలి?” అని అడిగి చీటీ మీద రాయించుకోండి.

మూతలో చిప్ పెట్టి, సీసా తెరిచిన ప్రతిసారీ నమోదయ్యేలా చేసి చూస్తే ఒక తమాషా బయటపడింది. డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు దగ్గరపడేకొద్దీ మాత్రలు సక్రమంగా పడతాయి. హాఫ్ లైఫ్ తక్కువైన మందయితే ఆ నాలుగు రోజుల బుద్ధిమంతనంతోనే పరీక్ష నెగ్గవచ్చు. థైరాయిడ్‌లో అది సాగదు. చివరి వారం గబగబా వేసుకున్న మాత్రలతో రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోను బాగానే కనిపిస్తుంది, అది చాలనప్పుడు పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను మాత్రం దిగడానికి వారాలు పడుతుంది కనుక ఎక్కువగానే ఉండిపోతుంది. ఆ రెండు అంకెలూ పొసగనప్పుడు డోసు పెంచేముందు, మాత్ర ఏ పూట, ఎందుకు తప్పుతోందో కోప్పడకుండా అడగడం మంచి డాక్టరు చేసే పని.